బాలు డెస్కు మీద కుండీ లేదు

జయమ్మ ముందు చూపుడు వేలు మట్టిలో గుచ్చేది, ఆ తర్వాతే నోరు విప్పేది. "మళ్ళ నీళ్ళు పోసిన్రా మేడం?" అని అడిగేది. అబద్ధం చెప్పి లాభం లేదు, వేలికి అంటిన తడి మట్టి నా కళ్ళ ముందే ఉండేది. ప్రాజెక్టు రివ్యూలో మేనేజరు నిలదీసినప్పుడు కూడా నేను అంతలా నసిగి ఎరగను.

జయమ్మ మా ఆఫీసులో హౌస్‌కీపింగ్ మనిషి. గచ్చిబౌలిలో, ఏడో అంతస్తులో మా సీట్లు. నారాయణపేట పక్క పల్లె నుంచి భర్తతో వలస వచ్చింది. ఆయన సెంట్రింగ్ పనిలో పై నుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక సంసారం ఈవిడ భుజాన పడింది. గోపన్‌పల్లిలో ఒక రేకుల గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళు. వయసెంత అని అడిగితే "నలభై ఉంటయేమో" అనేది. నేను చేరిన ఏడూ అదే చెప్పింది, మూడేళ్ళ తర్వాతా అదే చెప్పింది. టీ కప్పులు అందిస్తూనే ఎవరి కుండీ తడిగా ఉందో, ఎవరిది ఏసీ గాలికి వాలిపోయిందో ఓ కంట కనిపెట్టేది.

ఆ కుండీల సంగతి చెప్పాలి. రెండేళ్ళ కిందట మా కంపెనీ ఉద్యోగుల మనసులు ప్రశాంతంగా ఉండాలని తలా ఒక చిన్న కాక్టస్ పంచింది. నిమ్మకాయంత మొక్క, టీకప్పంత తెల్ల పింగాణీ కుండీ, దాని మీద మన పేరు. కుండీకి అడుగున చిల్లు లేదు. కొన్ని మొక్కల నెత్తిన ఎర్రటి ఎండు పువ్వు కూడా ఉంది. అందరం మురిసిపోతుంటే జయమ్మ వచ్చి ఆ పువ్వును గోటితో గీకి చూసి, "గిది దీని పువ్వు కాదు మేడం. గమ్ముతోని అంటిచ్చిన్రు" అని ఊడబెరికి డస్టుబిన్‌లో వేసింది. మా ముఖాలు చిన్నబోయాయి.

మాలో చాలామందిమి కాలవల కింద పుట్టి పెరిగినవాళ్ళం. మొక్క కనిపిస్తే నీళ్ళు పొయ్యకుండా చెయ్యి ఊరుకోదు. పైగా ఇక్కడ నీళ్ళు ట్యాంకర్లలో వస్తాయి కాబట్టి, సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు సీసాలో మిగిలిన నీళ్ళు సింకులో పారబోయడానికి ప్రాణం ఒప్పేది కాదు. అవన్నీ కాక్టస్‌కి పోసేవాళ్ళం. కింద చిల్లు లేదు, పైన ఎండ లేదు. మూడు నెలల్లో సగం మొక్కలు అడుగు నుంచి కుళ్ళిపోయాయి. వాటిని మేం డస్టుబిన్‌లో వేస్తే జయమ్మ ఏరుకుని పట్టుకుపోయేది. "మా దిక్కు చేను గట్ల మీద జెముళ్ళు ఉంటయి మేడం. పుట్టినకాడి నుంచి ఎవ్వలన్న ఒక్క చెంబెడు పోసిన్రా దానికి? ఎండ సాలు" అనేది.

ఆమె వైద్యం నేనొకసారి పాంట్రీలో దగ్గరుండి చూశాను. న్యూస్‌పేపరును పట్టీలా మడిచి మొక్క నడుముకు చుట్టి పైకి లాగింది. కుళ్ళిన అడుగును కత్తితో పల్చగా కోస్తూ పోయింది. లోపల గోధుమరంగు చుక్క ఒక్కటి కనిపించినా ఇంకో పొర కోసింది. తేటగా వచ్చాక కోసిన చోట పసుపు అద్ది, పేపరు మీద పడుకోబెట్టింది. పది రోజులు మట్టీ లేదు, నీళ్ళూ లేవు, ఊరికే నీడలో ఉండాలి. గాయం గట్టిపడ్డాక ఇసుక, ఇటుక ముక్కలు కలిపి పెరుగు డబ్బాలో నాటేది. డబ్బా అడుగున కాల్చిన మేకుతో నాలుగు చిల్లులు పొడిచేది. ఇసుకకీ ఇటుక ముక్కలకీ మా చుట్టుపక్కల కొదవ లేదు, ఏ సందులోకి వెళ్ళినా ఒక టవరు లేస్తూనే ఉంటుంది.

మామూలుగా అయితే ఈ వైద్యమంతా ఆమె ఇంటి దగ్గర, రేకుల గది ముందు జరగాలి. అక్కడే చిక్కు. గేట్ పాస్ లేకుండా హౌస్‌కీపింగ్ వాళ్ళు ఆఫీసు నుంచి గుండుసూది కూడా బయటికి తీసుకుపోకూడదు. దొరికితే దొంగతనం కింద లెక్క. గేటు దగ్గర సెక్యూరిటీ చంద్రయ్యది జయమ్మ వాళ్ళ జిల్లానే. టిఫిన్ సంచీలోకి తొంగి చూసి "దవాఖానకేనా?" అనేవాడు. "దవాఖానకే అన్నా" అనేది జయమ్మ. బాగుపడిన మొక్క నెల తర్వాత అదే సంచీలో వెనక్కి వచ్చేది. మొదటిసారి అలా బాగుపడిన మొక్క పూసిన రోజు నాకు బాగా గుర్తు. నెత్తి చుట్టూ వరసగా చిన్న చిన్న గులాబి పూలు, ఎవరో కూర్చుని మాల కట్టినట్టు. ఫ్లోరంతా వచ్చి ఫోటోలు తీసుకుంది. వాటిలో జయమ్మ చెయ్యి మాత్రం పడింది.

ఆ తర్వాతి ఫిబ్రవరిలో ఉద్యోగాలు పోయాయి. ఒక శుక్రవారం సాయంత్రం ఆఫీసు నిర్వహణ చూసే ఫెసిలిటీస్ వాళ్ళు జయమ్మకు తొమ్మిది సీట్ల నంబర్లు రాసిచ్చి, ఆ డెస్కుల మీది కుండీలు తీసెయ్యమన్నారు. ఆమె తీసేసింది. సోమవారం పొద్దున ఆ తొమ్మిది మందినీ ఒక్కొక్కరినే లోపలికి పిలిచి పంపించేశారు. ఎవరో ఈ రెండూ కలిపి చూశారు. అప్పటి నుంచి మా ఫ్లోరులో అదొక శకునమైపోయింది. రాహుకాలం చూసే మేనత్తల్ని చూసి నవ్వే ఇంజనీర్లం, పొద్దున లిఫ్టు దిగి బ్యాగు దించకముందే డెస్కు మీద కుండీ ఉందో లేదో చూసుకునేవాళ్ళం. నేనూ చూసుకునేదాన్ని. ఉందని తెలిశాకే గుండె కుదుటపడేది.

ఈ శకునం సంగతి జయమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆ తొమ్మిది కుండీలూ ఇంటికి తీసుకెళ్ళి సాకుతోంది. ఒకసారి పాంట్రీలో నన్ను పట్టుకుని, "గా తొమ్మిది మంది ఎప్పుడొస్తరు మేడం? చెట్లు మంచిగైనయి" అంది. వేరే ఆఫీసుకి మారారని ఏదో గొణిగి తప్పుకున్నాను.

ఆగస్టులో మళ్ళీ గుసగుసలు మొదలయ్యాయి. ఈసారి ఒక్కో టీము నుంచి ఒక్కరట. మా టీములో ఏడుగురం. క్యాంటీన్లో నవ్వుకుంటూనే ఒకరి ముఖాలు ఒకరం లెక్కపెట్టుకునేవాళ్ళం.

నా పక్క సీటు బాలుది. తెనాలి వాడు. ఆ ఏడాదే తెల్లాపూర్‌లో ఫ్లాట్ కొనుక్కుని భార్య, కూతురితో దిగాడు. లిఫ్టు బటన్ వెలిగాక కూడా ఇంకోసారి నొక్కే రకం. అతని కాక్టస్‌కి ఆ వారమే మొదటిసారి మొగ్గలు కనబడ్డాయి. వీడియో కాల్‌లో కూతురికి చూపించి మరీ మురిసిపోయాడు. బుధవారం సాయంత్రం మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి తెనాలి బయల్దేరుతూ, నాలుగు రోజులు ఉండను కదా, మొగ్గల మీద ఉన్న మొక్క ఎండిపోతుందేమో అని సీసాడు నీళ్ళూ దానికి పోసి వెళ్ళాడు.

శుక్రవారం సాయంత్రం ఐదింటికి జయమ్మ నన్ను పిలిచింది. బాలు మొక్క అడుగున వేలుతో నొక్కి చూపించింది. మగ్గిన సపోటాలా లోపలికి పోయింది.

"సోమవారం దాంక ఆగదు మేడం. కుళ్ళు పైకెక్కుతది, మొగ్గలు గూడ పోతయి. సారుకు జర ఫోన్ చేసి అడుగున్రి."

నేను సాఫ్ట్‌వేర్ రిలీజు పనిలో తలమునకలై ఉన్నాను. తల తిప్పకుండానే, "తీసుకెళ్ళు జయమ్మా. బాలుకి నేను చెప్తాలే" అన్నాను.

"చెప్తరు గద? సోమవారం తెచ్చి సారుకు సూపిస్త."

"చెప్తాలే."

ఆమె కుండీని టిఫిన్ సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను చెప్పలేదు. శనివారం మదీనాగూడలో మా ఫ్లాటులో నీళ్ళు రాక అదో గోల, ఆదివారం నిద్ర. రెండు రోజుల్లో ఒక్కసారి కూడా ఆ మాట నా బుర్రలోకి రాలేదు.

సోమవారం తొమ్మిదిన్నరకు వెళ్ళేసరికి బాలు తన డెస్కు ముందు నిలబడి ఉన్నాడు. భుజాన బ్యాగు అలాగే ఉంది. కుండీ ఉండే చోట దుమ్ము లేని గుండ్రటి మచ్చ ఉంది. మా వరసలో అందరూ స్క్రీన్లలోకి కళ్ళు పొడుచుకుని చూస్తున్నారు. ఒక్కరూ కీబోర్డు ముట్టుకోవడం లేదు.

నేను నోరు తెరిచాను. మాట రాకముందే ఒక లెక్క బుర్రలో మెదిలింది. ఇక్కడ దాచను. టీముకి ఒక్కరు, ఆ ఒక్కడూ బాలు అని అందరూ అనుకుంటున్నారు, కాబట్టి నేను కాదు. నిజమేమిటో తెలిసిన మనిషిని నేనే, అయినా ఆ అర క్షణం హాయిగా అనిపించింది. తర్వాత సాకులు వరస కట్టాయి. అందరి ముందూ చెప్తే జయమ్మ గేటు దాటించిందని బయటపడుతుంది, ఆమె ఉద్యోగం పోతుంది. బాలు ఒంటరిగా దొరికినప్పుడు చెప్దాం. అతను మెట్ల దగ్గరికి పోయి భార్యకు ఫోన్ చేసుకుంటున్నాడు, ఇప్పుడెలా వెళ్ళడం. మధ్యాహ్నం జయమ్మే మొక్క పట్టుకుని వస్తుంది, తనే చెప్తుంది. ఆమె ఆ పూట భర్తను దవాఖానకు తీసుకెళ్ళి రెండింటికి గానీ రాదని నాకు తెలుసు.

పదకొండు దాటింది. మేనేజరు శ్రీనివాసరావు గారు బాలుతో పెట్టుకున్న మీటింగు రద్దు చేశారు. అసలు కారణం ఏదైనా కావచ్చు, బాలు ముఖం మాత్రం ఇంకా పాలిపోయింది. వెనక వరస ఆకాష్ వచ్చి అతని చెవిలో, "పిలిచాక పోయేకంటే మనమే ముందు పెట్టేస్తే మంచిది బ్రో. రిలీవింగ్ లెటర్ మచ్చ లేకుండా క్లీన్‌గా వస్తుంది" అన్నాడు. ఫిబ్రవరిలో అలా ముందే రాజీనామా చేసి బయటపడిన వాళ్ళ కథలు రెండు చెప్పాడు. స్క్రీన్ మీద ఒకే లైను నాలుగుసార్లు టైపు చేసి చెరిపాను.

పన్నెండున్నరకి బాలు కుర్చీ నా వైపు జరుపుకున్నాడు.

"నీహారికా, నిజం చెప్పు. నేను లేనప్పుడు ఏమన్నా జరిగిందా? ఈ కుండీ ఎవరు తీశారో నీకేమన్నా తెలుసా?"

అంతకంటే ఒంటరిగా అతను నాకు దొరకడు. వరసంతా భోజనాలకు వెళ్ళింది.

"లేదు బాలూ, నాకేం తెలీదు" అన్నాను.

ఎందుకలా అన్నానో అప్పుడు తెలియలేదు. పొద్దున చెప్పకుండా మధ్యాహ్నం చెప్తే, పొద్దున ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. దానికి నా దగ్గర చెప్పుకోదగ్గ జవాబు లేదు. అంతే అయి ఉంటుంది.

ఒంటిగంట నలభైకి బాలు రాజీనామా పెట్టాడు. ఒక రోజు సెలవు ఒప్పుకోవడానికి మూడు రోజులు తీసుకునే శ్రీనివాసరావు గారు ఆరు నిమిషాల్లో దాన్ని ఆమోదించారు.

రెండింటికి జయమ్మ వచ్చింది. పాంట్రీలో ఎవరో చెప్పినట్టున్నారు, యూనిఫాం కోటు కూడా తొడుక్కోకుండా, సంచీతో నేరుగా మా వరసలోకి వచ్చేసింది. సంచీలోంచి న్యూస్‌పేపరు పొట్లం తీసి బాలు ముందు విప్పింది. మొక్క పైసగం మాత్రమే ఉంది, కోసిన అడుగంతా పసుపు. మొగ్గలు ఒక్కటీ రాలలేదు.

"సార్, నేనే తీస్కపోయిన. కుళ్ళుతుండె. నన్ను ఎవ్వలు తియ్యమనలె."

బాలు పొట్లం వైపు చూశాడు. "మీకు ఎవరూ నంబర్లు రాసివ్వలేదా?"

"ఏం నంబర్లు సార్? ఫిబ్రవరిల ఇచ్చిన్రు. గిప్పుడేం లేదు."

బాలు ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. మా టీములోనే ఉన్న సంయుక్త ఆమెను పక్కకు తీసుకెళ్ళి, ఫిబ్రవరి నుంచి మేమంతా కుండీల్ని చూసి ఎందుకు భయపడుతున్నామో, బాలు ఇప్పుడేం చేశాడో నెమ్మదిగా చెప్పింది. జయమ్మ చివరిదాకా విని, "అంటే గా తొమ్మిది మంది ఇగ రారా?" అంది. సంయుక్త తల అడ్డంగా ఊపింది.

జయమ్మ తుడవడానికి తప్ప ఎప్పుడూ అడుగుపెట్టని మేనేజరు గారి గదిలోకి తిన్నగా నడిచి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. నా కుర్చీకి అది నాలుగడుగుల దూరం, ప్రతి మాటా వినపడింది.

"సార్, బాలు సారు మొక్కను నేను తీస్కపోయిన. అందుకే సారు పరేషానై కాయితం రాసిండు. సారు తప్పేం లేదు, అది వాపస్ ఇయ్యున్రి."

"ఎవరిని అడిగి తీసుకెళ్ళారు?"

నేను లేచి నిలబడ్డాను. అక్కడే ఉండిపోయాను. జయమ్మకు నేను కనబడుతూనే ఉన్నాను, ఒక్క వేలు ఇటు చూపిస్తే సరిపోయేది.

"ఎవ్వల్ని అడగలే సార్. నా అంతట నేనే తీస్కపోయిన."

"గేటు ఎలా దాటింది?"

"సంచిల పెట్టుకున్న. ఎవ్వలు సూడలే."

అలా ఒక్క గుక్కలో నన్నూ, చంద్రయ్యనూ ఇద్దరినీ తప్పించింది. శ్రీనివాసరావు గారు సిస్టంలో ఒకసారి ఆమోదించాక వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. ఆమె ఇంకా ఏదో చెప్పబోతుంటే ఫోను తీసి ఫెసిలిటీస్‌కి చేశారు. నేను మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను.

నాలుగింటికి హౌస్‌కీపింగ్ ఏజెన్సీ సూపర్‌వైజర్ వచ్చి జయమ్మ మెడలోంచి ఐడీ కార్డు తీసుకున్నాడు. సామాన్ల లిఫ్టు వైపు తీసుకెళ్తుంటే ఆమె ఆగి బాలు వైపు తిరిగింది. "ఫికర్ జెయ్యకున్రి సార్, బతుకుతది. పది దినాలు నీళ్ళు పొయ్యకున్రి. ఇసుకల పెట్టినంక..." అని ఇంకా చెబుతుండగానే సూపర్‌వైజర్ లిఫ్టు తలుపు పట్టుకుని తొందర పెట్టాడు. మిగిలింది మాకు వినబడలేదు.

బాలుని నోటీసు పీరియడ్ కూడా లేకుండా ఆ శుక్రవారమే పంపించేశారు. పొట్లాన్ని రెండు చేతుల్లో పట్టుకుని వెళ్ళాడు.

మూడు వారాల తర్వాత శ్రీనివాసరావు గారు నన్ను గదిలోకి పిలిచారు. ఈసారికి మన టీముకి గండం గడిచిందని చెప్పి, కుర్చీలో వెనక్కి వాలి, "నీకు చెప్పకూడదు గానీ చెప్తున్నా. నేను పైకి పంపిన పేరు నీదే నీహారికా. బాలు తనంతట తనే పెట్టాడు కాబట్టి లెక్క సరిపోయింది, నీది తీసేయించాను. ఇకనైనా జాగ్రత్తగా పని చేసుకో" అన్నారు. థాంక్స్ చెప్పాను కూడా. బయటికొచ్చి బాత్రూంలో తలుపు వేసుకుని, నోట్లో చున్నీ కుక్కుకుని ఏడ్చాను.

ఆ సాయంత్రం బాలుకి ఫోన్ చేశాను. శుక్రవారం నేనేం అన్నానో, సోమవారం ఏం అనలేదో, పన్నెండున్నరకి ఏం అబద్ధం చెప్పానో, ఎవరి పేరు ఎవరి బదులు పోయిందో, అన్నీ చెప్పాను. అవతల కుక్కర్ కూత వినిపించింది, వాళ్ళమ్మాయి ఏదో అడుగుతోంది. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది.

"ఇంకా ఇంటర్వ్యూలు తిరుగుతున్నా" అన్నాడు చివరికి. "నువ్వు చెప్పింది తర్వాత ఆలోచించుకుంటాను, ఇప్పుడు నా వల్ల కాదు. ఆ మొక్కకి వేళ్ళొచ్చాయి. మొగ్గల్లో రెండు పూశాయి. ఇక నీళ్ళు ఎప్పుడు మొదలెట్టాలో తెలియట్లేదు, మళ్ళీ ఎక్కువ పోసి చంపేస్తానేమోనని భయంగా ఉంది. ఆవిణ్ణే అడుగుతాను. జయమ్మ నంబరు ఇవ్వు."

మూడేళ్ళు ఆమె చేతి టీ తాగాను, నంబరు మాత్రం ఒక్కసారీ అడగలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకునే, వెతుకుతున్నట్టు కాసేపు ఆగాను. తర్వాత, నా దగ్గర లేదని చెప్పాను.